కొండ ఊళ్లో కాపురం: కొన్ని నవలలు, కొన్ని కథలు, ఒక ప్రశ్న

మైదానంలో బతికి విసిగిన మనిషి ఒక చిన్న కొండ ఊరిని ఎంచుకుని అక్కడ స్థిరపడడం భారతీయ కథాసాహిత్యంలో కొత్త ఇతివృత్తం కాదు. ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఈ వస్తువు మీద గట్టి రచనలే వచ్చాయి. వాటిని చూసే తీరులో మాత్రం మన విమర్శకు రెండు అలవాట్లున్నాయి. ఒకటి, మంచునీ దేవదారు చెట్లనీ ఏకాంతాన్నీ చూసి మురిసిపోయి 'అనుభూతి' అన్న ఒక్క మాటతో సరిపెట్టడం. రెండవది, 'పలాయనవాదం' అని ముద్ర వేసి పుస్తకం మూసెయ్యడం. మొదటి తరహా విమర్శకుడు ఆ కొండ ఇంటికి నీళ్లు మోసేదెవరో చూడడు. రెండవ తరహా విమర్శకుడు ఆ ఇంట్లోకి మనిషి ఎందుకు వచ్చిందో అడగడు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపి అడిగితేనే ఈ సాహిత్యం బలమూ బలహీనతా బయటపడతాయన్నది ఈ వ్యాసంలో నా ప్రతిపాదన.

'పలాయనం' అన్న మాటను మనం చాలా చవకగా వాడుతూ వచ్చాం. 1950లో చలం తిరువణ్ణామలై చేరి 1979లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోతే, ఆ ప్రయాణం గురించి మనకు అన్నిటికంటే తేలిగ్గా దొరికిన మాట అదే. అరుణాచలం సంగతి వేరనుకోండి. ఆయన వెళ్లింది రమణాశ్రమం కోసం, కొండగాలి కోసం కాదు. కాని విచారణ లేకుండా తీర్పు చెప్పే అలవాటు రెండు చోట్లా ఒకటే. పారిపోవడమే నేరమయితే, యజమాని కొట్టినప్పుడు పారిపోయే పసివాడూ నేరస్తుడే కావాలి. దేనినుంచి పారిపోతున్నారు? ఎవరి వీపు ఎక్కి పారిపోతున్నారు? విమర్శకుడు తేల్చవలసినవి ఇవి.

రచనల్లోకి వెళ్లేముందు, ఆ ఊళ్లు ఎలా పుట్టాయో గుర్తుచేసుకోవాలి. మనం కథల్లో చదివే కొండపట్నాలు చాలావరకు వలసపాలన కట్టినవే. డార్జిలింగును 1835లో కంపెనీవారు సిక్కిం రాజు దగ్గర రాయించుకున్నది దొరల ఆరోగ్యం కోసం. కాలింపాంగ్ 1865 ఒప్పందంతో భూటాన్ చేతినుంచి వచ్చింది. కసౌలీ 1842లో పెట్టిన కంటోన్మెంటు. సిమ్లా 1864లో సామ్రాజ్యానికి వేసవి రాజధాని అయింది. 1903లో కాల్కానుంచి రైలు పడేదాకా ప్రభుత్వ దస్త్రాలు ఏటా బళ్లమీదా మనుషుల వీపులమీదా ఆ కొండ ఎక్కాయి, దిగాయి. దొరసానులు ఎక్కిన జంపానాలను మోసింది కొండ మనుషులే. కుమావూఁ ప్రాంతంలో ఈ మోత చట్టబద్ధమైన వెట్టి. 1921 జనవరిలో బాగేశ్వర్ ఉత్తరాయణి తిరునాళ్లలో ప్రజలు ఆ వెట్టి రిజిస్టర్లను సరయూ నదిలో పారేసి, ఇక మొయ్యమని చెప్పేశారు. మరుసటి ఏడే మన గూడెం, రంప కొండల్లో అల్లూరి తిరుగుబాటు లేచింది. అక్కడా ఘాటురోడ్ల పనిలో గిరిజనులచేత చేయించిన చాకిరీ ఒక ముఖ్య కారణం. కొండకు దారి అన్నది ఎప్పుడూ ఎవరో ఒకరి చెమట. కొండ ఊళ్లో నిశ్శబ్దాన్ని కోరుకున్న మనిషి ఈ చరిత్ర కట్టిన మెట్లమీదనుంచే పైకి వస్తాడు. ఆ సంగతి అతనికి తెలియకపోవచ్చు. రచయితకు తెలిసి తీరాలి.

ముల్క్‌రాజ్ ఆనంద్‌కు తెలుసు. 'కూలీ' 1936లో వెలువడింది. ప్రేమ్‌చంద్ అధ్యక్షతన లక్నోలో అఖిలభారత అభ్యుదయ రచయితల మొదటి మహాసభ జరిగిన సంవత్సరమే అది. మున్నూ కాంగ్రా కొండల్లో పుట్టిన అనాథ. బ్యాంకు బాబు ఇంట్లో పనివాడుగా, పచ్చళ్ల కార్ఖానాలో కూలీగా, బొంబాయి బట్టల మిల్లులో కార్మికుడుగా మైదానమంతా తిరిగి, చివరకు మెయిన్‌వేరింగ్ దొరసాని వెంట సిమ్లా చేరతాడు. అక్కడ ఆమె ఇంట్లో చాకిరీ చేస్తూ, ఆమె రిక్షా లాగుతూ, క్షయతో రక్తం కక్కుకుని చనిపోతాడు. ఊపిరితిత్తులు బాగుపడాలని కలవారు కొండలకు వెళ్లే రోజుల్లో, కొండ పిల్లవాడి ఊపిరితిత్తులు ఆ కొండ ఊళ్లోనే చిల్లులు పడతాయి. ఈ వైరుధ్యాన్ని ఆనంద్ ఉపన్యాసంలో చెప్పలేదు, కథ నడకలోనే చూపించాడు. అందుకే ఆ నవల చివరి భాగం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అయితే ఒక లోటు చెప్పుకోవాలి. తెల్లవారి సంఘంలో స్థానం కోసం తహతహలాడే ఆ ఆంగ్లో ఇండియన్ స్త్రీ సిమ్లాను ఎంచుకోవడం వెనక ఒక దైన్యం ఉంది. ఆనంద్ దాన్ని తాకాడు కాని, ఎత్తిపొడుపుతో వదిలేశాడు. రిక్షా లాగేవాడి గుండె చప్పుడు మనకు వినిపిస్తుంది. రిక్షా ఎక్కిన మనిషి మాత్రం బొమ్మగా మిగిలిపోయింది. మొదటి ప్రశ్నకు ఈ నవల పూర్తిగా జవాబు చెప్పింది, రెండవదానికి సగమే చెప్పింది.

ఆ రెండవ ప్రశ్నను మోహన్ రాకేశ్ 'మిస్ పాల్' కథలో ఎత్తుకున్నాడు. మిస్ పాల్ ఢిల్లీలో ప్రభుత్వోద్యోగి. భారీ శరీరం, పెళ్లికాని ఒంటరితనం, బొమ్మలు వెయ్యాలన్న తపన. ఆఫీసులో తోటివాళ్ల వెక్కిరింతలు భరించలేక ఉద్యోగం మానేసి, కులూ మనాలీల మధ్య బియాస్ లోయలో రాయ్‌సన్ అనే చిన్న ఊరిని ఎంచుకుంటుంది. పరిచయస్తుడొకడు అటుగా వచ్చి ఆమె ఇంట్లో దిగడంతో ఆ బతుకు మనకు తెలుస్తుంది. బొమ్మలు సాగలేదు. ఇల్లు సర్దుబాటు కాలేదు. నవ్వులు ఆ ఊరిదాకా వెంటాడి వచ్చాయి. మైదానం ఆమెకు పెట్టిన గాయాన్ని కొండ మాన్పలేకపోయింది. కారణం, ఆ గాయం వాతావరణం వల్ల వచ్చింది కాదు. స్త్రీ శరీరాన్ని తూకం వేసి విలువకట్టే సమాజం చేసిన గాయం అది. ఆ సమాజం కొండమీదా ఉంది.

ఈ కథను పలాయనవాదమని కొట్టివెయ్యడం అన్యాయం. పలాయనం ఎందుకు సాధ్యం కాదో చూపించిన కథ ఇది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆఫీసులో రోజూ పరాచికాలు భరించిన స్త్రీ, జీతం వదులుకుని తన పని తాను చేసుకునే చోటు వెతుక్కోవడంలో ఒక న్యాయమైన కోరిక ఉంది. ఆ కోరికను ఎగతాళి చేసే విమర్శకుడు, తెలియకుండానే, ఆ ఆఫీసు గుమాస్తాల పక్కన కుర్చీ వేసుకుంటున్నాడు. రాకేశ్ కథకు ఒక హద్దుందన్నదీ నిజమే. రాయ్‌సన్ మనుషులు అందులో చాలావరకు చూసే కళ్లుగా, నవ్వే నోళ్లుగా మాత్రమే వస్తారు. ఆమెను చూసి నవ్విన ఆ మనుషుల కష్టసుఖాలేమిటో కథ అడగదు.

రెండు ప్రశ్నలూ ఒకే చోట ఢీకొన్న రచన అనితా దేశాయ్ 'ఫైర్ ఆన్ ది మౌంటెన్'. 1977లో వచ్చిన ఈ నవలకు 1978లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. నందా కౌల్ ఒక వైస్‌ఛాన్సలర్ భార్య. జీవితమంతా అతిథులకూ పిల్లలకూ ఇంటి మర్యాదలకూ ఊడిగం చేసి, భర్త పోయాక కసౌలీలో కారిగ్నానో అనే ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఎవరూ రాకూడదు, ఉత్తరాలు కూడా రాకూడదు. ఉన్నది వంటమనిషి రాంలాల్ ఒక్కడే. టైఫాయిడ్‌నుంచి కోలుకుంటున్న మునిమనుమరాలు రాకా అక్కడికి రావడంతో కథ మొదలవుతుంది.

సగం నవలదాకా పాఠకుడు ఇదొక ఏకాంతకావ్యమనే అనుకుంటాడు. పండిన వయసులో స్త్రీ తనకోసం తాను తీసుకున్న నిర్ణయం కదా అనుకుంటాడు. అప్పుడు ఇలా దాస్ వస్తుంది. నందా కౌల్‌కు చిన్ననాటి స్నేహితురాలు. కలిగిన కుటుంబం చితికిపోగా, చాలీచాలని జీతానికి సంక్షేమాధికారిగా కొండ పల్లెల్లో తిరుగుతూ బాల్యవివాహాలు ఆపడానికి ప్రయత్నిస్తుంటుంది. ఆమె అవస్థ నందా కౌల్‌కు తెలుసు. ఇక్కడే నాతో ఉండిపో అన్న ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె అనదు. అంటే కారిగ్నానో ప్రశాంతత చెడుతుంది. ఆ సాయంత్రం ఇలా దాస్ ఒంటరిగా కొండ దిగుతుండగా ప్రీత్‌సింగ్ అనే రైతు దారికాచి, చెరిచి, చంపుతాడు. కొంచెం భూమికీ మేకలకూ ఆశపడి పసిబిడ్డను ముసలివాడికి కట్టబెట్టబోతే ఆమె అడ్డుపడిందని అతని కక్ష.

ఈ వార్త ఫోనులో విన్నప్పుడు నందా కౌల్ అబద్ధం ఒక్కసారి కూలిపోతుంది. భర్త జీవితమంతా మరో స్త్రీని ప్రేమించాడు. పిల్లలు ఆమెకు పరాయివాళ్లే. ఈ ఇంటినీ ఈ ఏకాంతాన్నీ ఆమె కోరి ఎంచుకోలేదు. మిగిలింది ఇదే గనుక దీనికే ఎన్నిక అని పేరు పెట్టుకుంది. అదే సమయంలో రాకా అడవికి నిప్పు పెట్టి వస్తుంది.

మనం గమనించవలసిన అంశం ఇక్కడుంది. రచయిత్రి ఏకాంతాన్ని కీర్తించలేదు, తిట్టలేదు. దానికి వెల ఎంతో చెప్పింది. పై ఇంటికీ కింది పల్లెకూ మధ్య నడిచిన ఒకే ఒక్క మనిషి ఇలా దాస్. ఆ వెల చెల్లించింది ఆమె. నందా కౌల్‌ను పురుషాధిపత్యం కొండమీదికి నెట్టింది. ఆమె తలుపు మూసుకుంది. ఆ మూసిన తలుపు బయట మరో స్త్రీ చనిపోయింది. బాధితురాలు కూడా మరొకరి బాధలో భాగస్వామి కాగలదన్న ఈ కఠినసత్యం మన 'పలాయనం' ముద్రలో ఇమడదు.

ఇంత శక్తివంతమైన నవలలో కూడా ప్రీత్‌సింగ్ ఒక నీడ మాత్రమే. ఒక ముసలి స్త్రీ మనసులోని ప్రతి మడతనూ విప్పిన రచయిత్రి, ఆ ఎండిన చేలమీద బతికే రైతుకు ఒక దురాశనూ ఒక క్రౌర్యాన్నీ మాత్రమే ఇచ్చింది. అతని నేరానికి క్షమాపణ అడగడం లేదు. కొండ పల్లె దారిద్ర్యం ఇలా దాస్ మాటల్లో సమాచారంగా వచ్చి, చివరకు హంతకుడి రూపంలో తప్ప మనముందు నిలబడదు. ఇది పరిమితి. దీన్ని పరిమితి అనే చెప్పాలి.

అదే పరిమితి మరో రూపంలో కిరణ్ దేశాయ్ 'ది ఇన్‌హెరిటెన్స్ ఆఫ్ లాస్'లో కనిపిస్తుంది. 2006లో బుకర్ బహుమతి పొందిన ఈ నవలకు కాలింపాంగ్ రంగస్థలం, 1986నాటి గోర్ఖాలాండ్ ఆందోళన నేపథ్యం. కేంబ్రిడ్జిలో చదివి, తనవాళ్లనూ తననూ అసహ్యించుకోవడం నేర్చుకున్న జడ్జి జెముభాయ్ పటేల్, రిటైరై ఒక స్కాట్లండు దొర కట్టిన ఇంట్లో ఉంటాడు. స్వదేశంలో పరాయివాడుగా బతకడానికే ఆ కొండను ఎంచుకున్నాడు. చుట్టుపక్కల అలాంటివాళ్లే మరికొందరు. లోలా, నోనీ అనే అక్కచెల్లెళ్లు ఇంగ్లీషు నవలలు చదువుకుంటూ, తోటలో కూరలు పండించుకుంటూ బతుకుతారు. ఉద్యమం వచ్చేసరికి జడ్జి తుపాకులు పోతాయి, అక్కచెల్లెళ్ల స్థలంలో గుడిసెలు లేస్తాయి. తాము ఎంచుకున్న ఊళ్లో తమ పక్కనే మరొక ఊరు ఉందని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

జడ్జి ఇంటి వంటవాడు నవల పొడుగునా 'వంటవాడు'గానే ఉంటాడు. పన్నాలాల్ అన్న అతని పేరు చివరికిగాని మనకు వినిపించదు. ఇది రచయిత్రి తెలిసి చేసిన పని, సమర్థమైన శిల్పం. అతని కొడుకు బీజూ న్యూయార్కు వంటగదుల్లో పడే పాట్లను కొండమీది విశ్రాంతికి ఎదురుగా నిలపడం కూడా గొప్ప ఊహ. కాని గోర్ఖా యువకుల దగ్గరకు వచ్చేసరికి ఆ చూపు మసకబారుతుంది. ట్యూషను మాస్టరు గ్యాన్ ఆగ్రహం ఎక్కువగా దెబ్బతిన్న అహంగా కనిపిస్తుంది. ఆందోళన అంతా గుంపుగా, అరుపుగా కనిపిస్తుంది. కాలింపాంగ్ నేపాలీలు తమ చిత్రణమీద నిరసన తెలిపారంటే ఆశ్చర్యపడవలసింది లేదు. కిటికీలోనుంచి చూసినంతసేపూ గుంపుకు ముఖాలుండవు.

కిటికీ అవతలివైపునుంచి రాసినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. డార్జిలింగు రచయిత ఇంద్రబహదూర్ రాయ్ 1964లో నేపాలీలో రాసిన 'ఆజ రమితా ఛ' నవలలో ఆ పట్నం ఎవరో వచ్చి ఎంచుకున్న చోటు కాదు. పుట్టి, పెళ్లాడి, వ్యాపారంలో నష్టపోయి, రాజకీయాల్లో తగాదాపడే మనుషుల సొంత ఊరు. తేయాకు తోటల సమ్మె అందులో నేపథ్యదృశ్యం కాదు, ఇరుగుపొరుగు సంగతి. ఈ నవల ఇంగ్లీషులోకి రావడానికి 2017దాకా పట్టింది. కొండను ఎంచుకున్నవారి నవలలు ప్రపంచమంతా తిరుగుతుండగా, కొండలో పుట్టినవాడి నవల అర్ధశతాబ్దం పైగా దారిలోనే నిలబడిపోయింది.

కొండ మనిషికీ ఎన్నిక ఉందా? శేఖర్ జోషి 'దాజ్యూ' కథ ఈ ప్రశ్న అడుగుతుంది. కుమావూఁ కొండలనుంచి వచ్చిన కుర్రవాడు మదన్ పట్నంలో కాఫీ హోటల్లో పనిచేస్తుంటాడు. ఆ ఊళ్లో కొత్తగా, ఒంటరిగా ఉన్న జగదీశ్ బాబుది కూడా ఆ ప్రాంతమే. కుర్రవాడు ఆయన్ను 'దాజ్యూ', అంటే అన్నయ్యా, అని పిలుస్తాడు. మొదట్లో ఆ పిలుపు ఆయనకు తియ్యగా ఉంటుంది. ఒంటరితనం తగ్గాక, నలుగురిలో హోటలు కుర్రవాడు అన్నయ్యా అనడం నామోషీ అనిపించి కసురుతాడు. తరవాత ఎవరో పేరడిగితే కుర్రవాడు తన పేరు చెప్పడు. అందరూ తనను పిలిచే 'బాయ్' అన్న మాటే చెబుతాడు. చిన్న కథ. ప్రకృతివర్ణన లేదు. కాని కొండ ఊళ్లగురించి వచ్చిన రచనల్ని కొలవడానికి ఇంతకంటే మంచి తూనికరాయి నాకు కనిపించలేదు. మైదానంవాడు కొండకు వెళ్లేది శాంతికోసం. కొండవాడు మైదానానికి దిగేది ఎంగిలి కప్పులు కడగడానికి. ఒకే దారిలో ఎదురుపడే ఈ ఇద్దరిలో ఒకడిదే ఎన్నిక. 2001, 2011 జనాభా లెక్కల మధ్య ఉత్తరాఖండ్‌లో అల్మోరా, పౌడీ జిల్లాల జనాభా పెరగకపోగా తగ్గింది. మనం కలలుగనే కొండల్ని ఖాళీచేసి మదన్‌లు దిగిపోతున్నారు.

దీనికి మన నేలతో ఏం సంబంధం అని విద్యార్థులు అడగవచ్చు. సంబంధం ఉంది. అరకు, లంబసింగి, మారేడుమిల్లి ఈరోజు తెలుగు మధ్యతరగతికి సెలవుల కలలు. అక్కడే ఒక ఇల్లు కట్టుకుని ఉండిపోతే ఎంత బాగుండు అన్న మాట ఎన్ని ఇళ్లల్లో వినిపించదు! ఆ కలకు ఎదురుగా ఒక చట్టం నిలబడి ఉంది. 1959 భూబదలాయింపు నిబంధనలను సవరించిన 1970నాటి ఒకటవ రెగ్యులేషన్, మనం వాడుకలో 1/70 అనేది, ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదలాయింపును నిషేధించింది. హిమాచల్‌లో కూడా 1972నాటి కౌలు, భూసంస్కరణల చట్టం 118వ సెక్షను, ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యవసాయదారు కానివాడు భూమి కొనడానికి అడ్డుపడింది. చాలా నవలలు అడగని ప్రశ్నను చట్టం అడిగింది: నువ్వు ఎంచుకున్న ఈ చోటు ఎవరిది? చట్టాన్ని తప్పించుకునే దారులు ఎన్ని ఉన్నాయో మన్యంలో బినామీ పట్టాల చరిత్ర చెబుతుంది. సాహిత్యానికి మాత్రం ఈ ప్రశ్నను తప్పించుకునే హక్కు లేదు.

మన్యంలో దారిలేని గూడేలనుంచి గర్భిణులను డోలీకట్టి మోసుకువస్తున్న వార్తలు మనం ఇప్పటికీ చదువుతున్నాం. ఒకనాడు కొండమనిషి దొరసానిని మోశాడు, వందేళ్ల తరవాత తన భార్యను తాను మోస్తున్నాడు. పర్యాటకుడి కారుకు తారురోడ్డు వచ్చింది. డోలీకి ఇంకా కాలిబాటే. కొండ కూడా ఈ బరువు ఎంతకాలమో మొయ్యదు. 2018 వేసవిలో సిమ్లా జనం మంచినీళ్లకోసం రోజులతరబడి ఎదురుచూశారు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి, గోడలు బీటలువారి, జనం ఇళ్లు విడిచి బయటపడ్డారు.

అందువల్ల కొండ ఊరి మీద రాయవద్దా? తప్పకుండా రాయాలి. అలసిన గుమాస్తా, అవమానపడిన ఉద్యోగిని, పిల్లలు పట్టించుకోని ముసలితల్లి చల్లని గాలినీ కాస్త నిశ్శబ్దాన్నీ కోరుకుంటే ఆ కోరికను చిన్నచూపు చూసే సాహిత్యం ప్రజల సాహిత్యం కాదు. మైదానంలో బతుకు ఎందుకు అంత దుర్భరమైందో ఆ కోరికే సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని వినాలి. కాని అక్కడితో ఆగకూడదు. ఆ మనిషి గుమ్మం దగ్గరకు కట్టెలమోపు తెచ్చిన స్త్రీకి పేరుండాలి. ఆమె కొడుకు ఏ ఊరికి వలసపోయాడో కథకు తెలియాలి. పై ఇంటికీ కింది గూడేనికీ మధ్య నడిచే మనిషిని ఒంటరిగా చీకట్లో పంపకూడదు. ఆనంద్, రాకేశ్, అనితా దేశాయ్ తలొకవైపు తీసుకున్న ఆ దారిని కలిపే నవల తెలుగులో ఇంకా రావలసి ఉంది. అది అరకులో ఇల్లు కొనాలనుకున్నవాడి కలమునుంచి రావచ్చు. ఆ లోయలో పుట్టిన గిరిజన రచయిత కలమునుంచి వస్తే మరింత మంచిది. ఎవరు రాసినా, కొండ ఊరు తనకోసం ఖాళీగా ఎదురుచూస్తున్నదన్న భ్రమను మొదటి పేజీలోనే వదులుకోవాలి.